యువకులు, లైంగిక ఆరోగ్యం: గోప్యం వేరు, అజ్ఞానం వేరు

(మారతహళ్ళిలో తెలుగు యువకుల సమావేశంలో ఒక చర్మ, సుఖవ్యాధుల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి ముద్రించిన ఆహ్వానపత్రికలో నా ప్రసంగ విషయం "యువకుల ఆరోగ్యం" అని ఉన్నది. నిర్వాహకులతో మేము అనుకొన్నది "యువకుల లైంగిక ఆరోగ్యం". ముద్రణాలయానికి పోయే దారిలో ఒక పదం జారిపోయింది. అందుకు నేను వారిని తప్పు పట్టను. ఆ పదం పత్రిక మీద కనబడి ఉంటే ఈ వెనుక వరుసలు ఖాళీగా ఉండేవేమో, లేదా ఇంతకంటె కిక్కిరిసి ఉండేవేమో. ఏమైనా ఈ గంటసేపు ఆ పదాన్ని దాచకుండా మాట్లాడుకొందాం.

కళామందిర్ బస్సుస్టాపు నుండి మున్నేకొళాల సందుల దాకా ఎన్ని పీజీలు ఉన్నవో, వాటిలో ఎందరు తెలుగు కుర్రవాళ్ళు ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. కోర్సు నేర్చుకొనేందుకు వచ్చినవారు కొందరు, ఉద్యోగం దొరికి నిలిచినవారు కొందరు, భోజనశాలల్లో, దుకాణాల్లో, నిర్మాణపు పనుల్లో చేరినవారు ఇంకెందరో. అందరికీ సమానమైన సంగతి ఒకటున్నది. ఇరవై, ఇరవైరెండు ఏండ్ల వయసులో, జీవితంలో మొదటిసారిగా, ఎవరి కనుసన్నలలోనూ లేకుండా బ్రతకడం ఇక్కడే మొదలవుతుంది. అంతకుముందు ఇంట్లో తల్లిదండ్రులు, వీధిలో పొరుగువారు, ఇంటర్మీడియటులో రెసిడెన్షియల్ కళాశాలవారు కాపలా కాసినారు. ఆ కాపలా తీసివేసిన నాటికి చేతిలో ఏ జ్ఞానం ఉన్నదన్నదే ప్రశ్న.

లెక్క వేసి చూడండి. ఇంటర్మీడియటులో ఎం.పి.సి. తీసుకొన్న విద్యార్థి మానవ శరీరాన్ని గురించి పాఠం చదవడం పదవ తరగతితో ఆగిపోతుంది. ఆ పదవ తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు "ఇది మీరే చదువుకోండి" అని ఉపాధ్యాయులు పుట తిప్పివేయడం మన పాఠశాలల్లో అరుదైన సంగతి కాదు. ఆ తరువాత ఇంజనీరింగు నాలుగేండ్లు. అంటే సర్వరు ఎక్కడ చెడిందో అర్ధరాత్రి లేచి కనిపెట్టగల యువకునికి తన మూత్రనాళంలో మంట ఎందుకు వచ్చిందో తెలియదు. కేంద్ర ప్రభుత్వం కౌమార విద్యా కార్యక్రమాన్ని పాఠశాలలకు తెచ్చినప్పుడు 2007 ప్రాంతంలో కర్ణాటకతో సహా పలు రాష్ట్రాలు సంస్కృతి పేరిట దానికి అడ్డు చెప్పినవి. పాఠం ఆగింది గాని పిల్లలు పెరగడం ఆగలేదు.

తెలుగునాట ఈ మౌనాన్ని ఛేదించే ప్రయత్నాలు జరగలేదని కాదు. విజయవాడ వైద్యులు డాక్టర్ జి. సమరంగారు "స్వాతి" వారపత్రికలో ఏండ్ల తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులు వ్రాశారు. ఆ పుటను ఇంట్లో అందరూ చదివేవారు, చదివినట్లు ఒకరికొకరు తెలియనిచ్చేవారు కారు. రెండువేల దశకం తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్ కూడళ్ళలో పెద్ద పెద్ద పలకలు వెలిసినవి. వాటి మీద ఒకే ప్రశ్న: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా ఎవరో ఎవరికీ తెలియదు. పాన్‌డబ్బాల దగ్గర, బస్సుల్లో, కళాశాలల్లో జనం నవ్వుకొంటూ ఆ ప్రశ్న వేసుకొన్నారు. మీలో చాలామంది అప్పటికి ఉయ్యాలలోనో, ఒకటో తరగతిలోనో ఉండి ఉంటారు. నా దృష్టిలో అది చాలా తెలివైన ప్రచారం. "నీకు వస్తుందా" అని అడిగితే ముఖం తిప్పుకొనే మగవాడు "అతనికి వస్తుందా" అంటే నిలబడి చదివినాడు. దాని బలహీనత కూడా అందులోనే ఉన్నది. పులిరాజా ఎప్పుడూ మరెవరో.

ఆ మాట ఎందుకంటున్నానో ఒక లెక్క చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల వయసు పురుషులలో హెచ్.ఐ.వి. గురించి సమగ్రమైన అవగాహన ఉన్నవారు నూటికి 31 మందికి మించలేదు. స్త్రీలలో ఇంకా తక్కువ, నూటికి 22 మంది లోపే. సమగ్ర అవగాహన అంటే పెద్ద వైద్యశాస్త్రమేమీ కాదు. కండోమ్ వాడితే, వ్యాధి లేని ఒకే భాగస్వామితో ఉంటే ప్రమాదం తగ్గుతుందని తెలియడం. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా హెచ్.ఐ.వి. ఉండవచ్చునని తెలియడం, జనంలో ఉన్న రెండు సాధారణమైన అపోహలను నమ్మకపోవడం. అంతే. నా దగ్గరకు వచ్చే చదువుకొన్న యువకులు సైతం తప్పేది ఆరోగ్యంగా కనిపించే మనిషి దగ్గరే. "ఆమె అలాంటిది కాదు సార్, మంచి కుటుంబం", "అతడు మా ఆఫీసులోనే పని చేస్తాడు" అంటారు. సూక్ష్మజీవి కులగోత్రాలు విచారించదు, జీతపు చీటీ చూడదు.

ఇక ఆ ఖాళీని ఏది నింపుతున్నది? ఒకటి, ఫోనులో చూసే నీలిచిత్రాలు. అది నటన, కెమెరా ఆపి, మందులు వాడి, ముక్కలు అతికించి తీసినది. దానిని కొలబద్దగా పెట్టుకొని తన శరీరం లోపభూయిష్టమని కుమిలిపోయే కుర్రవాళ్ళను వారం వారం చూస్తున్నాను. రెండు, గదిలోని మిత్రుడు. అతనికి తెలిసినది ఇతనికంటె ఎక్కువేమీ కాదు, గొంతు మాత్రం పెద్దది. మూడు, గోడమీది ప్రకటన. దీని గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే మన యువకుల డబ్బు, మనశ్శాంతి అన్నిటికంటె ఎక్కువగా హరించుకుపోతున్నది ఇక్కడే.

"నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, హస్తప్రయోగ దోషాలు, ఒకే కోర్సుతో గ్యారంటీ." రైలు పట్టాల పక్క గోడల మీద మా తరం చదివిన ఈ వాక్యాలే ఇప్పుడు మీ ఫోను తెరమీదికి వచ్చినవి. వీటి వెనుక ఉన్న మూలధనం పాత భయం. ఒక్క వీర్యపు బొట్టు తయారు కావడానికి ఎన్నో రక్తపు బొట్లు ఖర్చవుతాయన్న నమ్మకం మన పల్లెల్లో ఈనాటికీ ఉన్నది. అది నిజం కాదు. యౌవనం వచ్చిన నాటినుండి వృషణాలలో వీర్యకణాలు నిత్యం పుడుతూనే ఉంటవి. బయటకు పోయినా పోకపోయినా పాతవి నశించి కొత్తవి వస్తవి. నిద్రలో స్ఖలనం కావడం ఆరోగ్య లక్షణం. హస్తప్రయోగం వలన నరాలు చచ్చుబడవు, చూపు మందగించదు, సంతానం కలుగకపోదు. ఈ భయాన్నే, మూత్రంలో ధాతువు పోతున్నదని నీరసించిపోయే యువకుల బాధనే, మానసిక వైద్యులు ఎన్.ఎన్. విగ్‌గారు 1960లో "ధాతు సిండ్రోమ్" అని పేరు పెట్టి వైద్యగ్రంథాలలో చేర్చారు. నీరసం నిజమే, నిద్ర పట్టకపోవడం నిజమే. కారణం మాత్రం వీర్యనష్టం కాదు, దిగులు. ఆ దిగులుకు చికిత్స ఉన్నది. అది నాలుగు మంచి మాటలతో మొదలవుతుంది, భస్మాలతో కాదు.

మీకు తెలియవలసిన మరొక సంగతి: ఇటువంటి ప్రకటనలు నేరం. 1954 నాటి మందులు, మాయచికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే ప్రకటనలను నిషేధించింది. ఏయే జబ్బులను నయం చేస్తామని ప్రచారం చేయరాదో ఆ చట్టంలో ఒక పట్టిక ఉన్నది. అందులో సుఖవ్యాధులున్నవి, నపుంసకత్వమున్నది, అక్షరాలా "నరాల బలహీనత" కూడా ఉన్నది. డెబ్బై ఏండ్ల క్రిందటే శాసనకర్తలకు ఈ గోడలు కనబడినవి. కనుక "గ్యారంటీ" అన్న పదం చూడగానే చట్టాన్ని ఉల్లంఘిస్తున్న మనిషి మీ ఎదుట ఉన్నాడని గ్రహించండి. అట్లే, అంగస్తంభన మాత్రలను ఇంటికి తెప్పించుకొని వాడేవారికి ఒక హెచ్చరిక. గుండెజబ్బుకు నైట్రేట్ మందులు వాడుతున్నవారు వాటిని మింగితే రక్తపోటు ప్రాణాపాయమైనంతగా పడిపోవచ్చును. గుండె సంగతి తెలియనివాడు వైద్యుణ్ణి అడగకుండా వాటి జోలికి పోరాదు. ఇరవై అయిదేండ్లవాడు మొదటి కలయికలో విఫలమైతే అది చాలాసార్లు కంగారు మాత్రమే.

ఇప్పుడు అసలు వ్యాధుల సంగతి. మన భాషలో వీటికి సుఖవ్యాధులని పేరు. ఆ పేరు పెట్టినవారు ఎవరో గాని వీటిలో ఒక్కదానినీ అనుభవించి ఉండరు. సెగవ్యాధి, అనగా గనేరియా, కొద్దిరోజులలోనే మూత్రంలో మంటతో, చీముతో బయటపడుతుంది. ఆ బాధే రోగిని వైద్యుని వద్దకు తరుముతుంది. క్లమీడియా అలా కాదు, చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. సవాయి, అనగా సిఫిలిస్, ఇంకా జిత్తులమారి. మొదట ఒక పుండు వస్తుంది, నొప్పి ఉండదు, మందు లేకుండానే మానిపోతుంది. "తగ్గిపోయింది కదా" అని మనవాడు సంతోషిస్తాడు. కొన్ని వారాలకు ఒంటిమీద, అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దుర్లు వస్తే వేడి చేసిందనుకొంటాడు. అవీ పోతవి. వ్యాధి మాత్రం లోపలే ఉండి ఏండ్ల తరువాత గుండెను, మెదడును పట్టవచ్చును. ఒక చిన్న రక్తపరీక్ష, తొలిదశలో పెన్సిలిన్ సూది, దీనికి కావలసినది ఇంతే.

మందుల దుకాణంలో "మంటకు ఏదైనా ఇవ్వండి" అని అడిగి రెండు మాత్రలు మింగడం మన అలవాటు. అందువల్ల మూడు నష్టాలు. ఏ వ్యాధో తెలియకుండానే లక్షణాలు మరుగున పడతవి. గనేరియా క్రిములు ఒక్కొక్క మందుకే లొంగకుండా తయారవుతున్నవి. అన్నిటికంటె ముఖ్యంగా, భాగస్వామికి చికిత్స జరగదు. అతనికి తగ్గి, ఆమెకు తగ్గక, తిరిగి ఆమె నుండి అతనికి వచ్చి, ఈ ప్రయాణం సాగుతూనే ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్ష క్లినిక్కులలో ఈ వ్యాధులకు రంగురంగుల పెట్టెలలో మందులు ఉచితంగా ఇస్తారు. భాగస్వామికి కూడా ఇస్తారు. హెపటైటిస్-బి టీకా వేయించుకొన్నదీ లేనిదీ మీ తల్లిగారిని అడిగి తెలుసుకోండి. లేకుంటే మూడు సూదులతో పని అయిపోతుంది. హెచ్.పి.వి. టీకా ఆడపిల్లలకే అనుకొంటున్నారు. మన దేశంలో తయారైన టీకాకు 9 నుండి 26 ఏండ్ల స్త్రీపురుషులిద్దరి విషయంలోనూ అనుమతి ఉన్నది.

కండోమ్ విషయంలో మన తెలుగువారిది ఒక ప్రత్యేకమైన చిక్కు. "నిరోధ్" పేరుతో ప్రభుత్వం 1968 నుండి దానిని కారుచౌకగా పంచుతున్నది. అయినా కుటుంబ నియంత్రణ అంటే మన ఇండ్లలో ఆడవారి ఆపరేషనే. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకొన్నవారే. కండోమ్ వాడకం నామమాత్రం. భారమంతా తల్లి మీద వేసి తండ్రి తప్పుకొన్న ఇంట్లో పెరిగిన కొడుకుకు కండోమ్ అనే వస్తువు గృహస్థుని వస్తువుగా ఎన్నడూ కనబడలేదు. అది చెడుతిరుగుళ్ళకు సంబంధించినదన్న భావమే మిగిలింది. అందుకే దుకాణంలో అడగడానికి నోరు రాదు, జేబులో ఉంటే నేరం చేసినట్లుంటుంది, ప్రేమించిన అమ్మాయి ముందు తీస్తే ఆమెను అనుమానించినట్లవుతుందని మానుకొంటాడు. నా మాట వినండి: అది అనుమానానికి గుర్తు కాదు, మర్యాద. వాడే పద్ధతి గురించి రెండు మాటలు. నెలల తరబడి పర్సులో పెట్టినది వేడికి, రాపిడికి పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే రబ్బరు చినుగుతుంది. ఒకదానిమీద మరొకటి తొడిగితే రక్షణ రెట్టింపు కాదు. గడువు తేదీ చూడండి. మద్యం మత్తులో ఇవేవీ గుర్తుండవు. వారాంతపు రాత్రి జరిగిన పొరపాట్లకు సోమవారం ఉదయం వచ్చేవారిలో మద్యం ప్రసక్తి లేనివారు తక్కువ.

హెచ్.ఐ.వి.ని మన దేశంలో మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. ఆ తరువాతి ఇరవై ఏండ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ అత్యధిక తీవ్రత గల రాష్ట్రాలలో చేరినవి. ఇప్పుడు తీవ్రత ఎంతో తగ్గింది. అయినా 2021 అంచనాల ప్రకారం దేశంలోని వయోజనులలో 0.21 శాతానికి హెచ్.ఐ.వి. ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతానికి ఉన్నది. తెలంగాణ, కర్ణాటకలు అర శాతానికి దగ్గరగా ఉన్నవి. అంటే మనం బయలుదేరిన ఊరూ, వచ్చి చేరిన ఊరూ రెండూ జాతీయ సగటుకు పైనే. భయపెట్టడానికి కాదు, పరీక్ష చేయించుకోమని చెప్పడానికి ఈ అంకెలు.

పరీక్ష ఎక్కడ? ప్రభుత్వ ఆసుపత్రులలో ఐ.సి.టి.సి. అనే కేంద్రాలుంటవి. కన్నడ ఫలకం మీద "ఆప్త సమాలోచన" అన్న పదం కనబడుతుంది. మన "కౌన్సెలింగ్" కంటె ఎంత చక్కని మాట! ఆప్తునితో ఆలోచించడం. అక్కడ పరీక్ష ఉచితం. ముందు మాట్లాడుతారు, మీ అంగీకారం తీసుకొంటారు, ఫలితం మీకే చెబుతారు. మారతహళ్ళికి చేరువలో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఇందిరానగరంలోని సి.వి. రామన్ జనరల్ ఆసుపత్రి. ఊరి నడుమ విక్టోరియా, బౌరింగ్ ఆసుపత్రులున్నవి. మీకు దగ్గరి కేంద్రం ఏదో 1097 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు. ఆ ఫోనుకు ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు. కన్నడం రాదని వెనుకాడవద్దు. "పరీక్షె" అంటే పరీక్షే, "రక్త" అంటే రక్తమే.

ఒక సంగతి జ్ఞాపకముంచుకోండి. శనివారం రాత్రి జరిగినదానికి ఆదివారం ఉదయం పరీక్ష చేయించుకొని "లేదు" అని కాగితం వస్తే అది రుజువు కాదు. శరీరంలో జాడ కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు నెలల తరువాత మరల చేయించుకోవాలి. కాని ప్రమాదం జరిగిందని గట్టి అనుమానం ఉంటే మూడు నెలలు చేతులు కట్టుకొని కూర్చోరాదు. 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వ్యాధి రాకుండా ఆపగల మందులున్నవి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఆ మూడు రోజులను సిగ్గుతో పోగొట్టుకొన్నవారిని చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ.

ఉద్యోగం పోతుందన్న భయం మీలో చాలామందికి ఉన్నది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదు. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు. ఫలితాన్ని మీ అనుమతి లేకుండా సాధారణంగా ఇతరులకు వెల్లడించరాదు. వ్యాధి ఉన్నదన్న కారణంతో కొలువులోగాని, చదువులోగాని, అద్దె ఇంటి విషయంలోగాని వివక్ష చూపడం చట్టవిరుద్ధం.

వ్యాధి ఉన్నదని తేలితే? 2004 నుండి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. ఇప్పుడు తేలిన వెంటనే మందులు మొదలుపెడతారు. తొమ్మిది దేశాలలో, మన చెన్నై, పుణె నగరాలతో సహా, 1,763 జంటల మీద జరిపిన పరిశోధన ఫలితం 2011లో వెలువడింది. త్వరగా మందు మొదలుపెట్టినవారి నుండి భాగస్వామికి వ్యాధి సోకడం 96 శాతం తగ్గింది. నేడు వైద్యలోకం ఇంకా స్పష్టంగా చెబుతున్నది: మందులు సక్రమంగా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి చేరి, అక్కడే నిలిచినవారి నుండి లైంగికంగా వ్యాధి ఇతరులకు సోకదు. వారు పెండ్లి చేసుకొంటున్నారు, బిడ్డలను కంటున్నారు.

ఈ సభలో పురుషులను ప్రేమించే పురుషులు కూడా ఉండి ఉంటారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు తరువాత వయోజనుల నడుమ పరస్పర అంగీకారంతో జరిగేది నేరం కాదు. మీరు వైద్యుని ఎదుట నిజం చెబితేనే సరైన పరీక్షలు వ్రాయగలడు. మొగం చిట్లించే వైద్యుడు ఎదురైతే మరొకరి వద్దకు వెళ్ళండి, నిజాన్ని మాత్రం మార్చకండి.

అంగీకారమన్నాను గనుక ఒక మాట. మౌనం అంగీకారం కాదు, మత్తులో ఉన్న మనిషి చెప్పేది అంగీకారం కాదు, నిన్న ఒప్పుకోవడం ఈనాటి అంగీకారం కాదు. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయంలో చట్టం అంగీకారాన్ని లెక్కలోకే తీసుకోదు. వీడియో కాల్‌లో బట్టలు విప్పించి, దానిని రికార్డు చేసి డబ్బు గుంజే ముఠాలు కూడా ఉన్నవి. చిక్కినవాడు డబ్బు పంపకూడదు, 1930 నంబరుకు ఫోను చేయాలి. సిగ్గుతో ప్రాణం మీదికి తెచ్చుకోవలసినంత సంగతి ఇందులో ఏదీ లేదు. మనసు మరీ కలతపడితే టెలీమానస్ 14416 ఉన్నది, తెలుగులో మాట్లాడుతారు.

చివరగా పెండ్లి. శుక్రవారం రాత్రి ఇక్కడ బస్సెక్కి, శనివారం పెండ్లిచూపులు చూసుకొని, సోమవారం ఆఫీసుకు తిరిగి వచ్చేవారు మీలో ఉన్నారు. జాతకాలు చూస్తారు, జీతం చూస్తారు, సొంత ఇల్లు ఉన్నదా అని చూస్తారు. మన రాష్ట్రాలలో భర్త తప్ప వేరొక పురుషుణ్ణి ఎరుగని స్త్రీలు ఎందరో గర్భిణిగా పరీక్షకు వెళ్ళిన రోజున తమకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలుసుకొన్నారు. ఆ చరిత్ర మన వెనుక ఉన్నది. పెండ్లికి ముందు వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోవడం మంచిది. ఆమెను అడగక ముందు మీరు చేయించుకొని కాగితం చేతిలో పెట్టండి. అప్పుడు అడగడం సులభం.

ఇక ప్రశ్నలు. చేతులెత్తి అడగమంటే ఎవరూ ఎత్తరని నాకు తెలుసును. అందుచేత తలుపు దగ్గర చీటీలు, పెన్సిళ్ళు, ఒక అట్టపెట్టె పెట్టించాను. పేరు వ్రాయవద్దు. తెలుగులోగాని, కన్నడంలోగాని, మీకు వచ్చిన భాషలో వ్రాయండి. టీ విరామం తరువాత ఒక్కొక్కటీ తీసి చదివి జవాబు చెబుతాను. అన్నీ పూర్తయ్యేవరకు నేను ఇక్కడే ఉంటాను.